మాట్లాడని వారికి ఇరవైకి ఇరవై

రియో కాంగ్రెహో,
నవంబరు 11.

తీర ప్రాంత విద్యా సంచాలకులు గారి సముఖమునకు,

రియో కాంగ్రెహో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఆంగ్ల ఉపాధ్యాయుడు ఎలీసెర్ ఉమాన్యా సెలెదోన్ వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: హోటల్, ఓడరేవు వృత్తుల సాంకేతిక కళాశాల ప్రవేశానికి గత నెల జరిగిన ఆంగ్ల శ్రవణ, సంభాషణ పరీక్షలో మా విద్యార్థులు పదకొండు మంది నోరు విప్పక ఉత్తీర్ణులు కాకపోవుట – అందుకు కారకుడను నేనేనని ఒప్పుకొనుట – సీట్లు భర్తీ అయ్యే ఈ నెల 28వ తేదీ లోగా వారికి మరల పరీక్ష జరిపించమని ప్రార్థన – గురించి.

సూచిక: తమ కార్యాలయపు లేఖ, తేదీ నవంబరు 4.

పై విషయమై తమకు విన్నవించుకునేది ఏమనగా:

1. నేను కొండ ప్రాంతమైన కార్తాగో నుంచి బదిలీపై వచ్చి ఇరవై ఒక్క సంవత్సరాలుగా ఈ సముద్రతీర గ్రామంలో ఆంగ్లం బోధిస్తున్నాను. ఈ కాలంలో తమ కార్యాలయానికి పదిహేడు అర్జీలు పెట్టుకున్నాను. కప్పు కారుతోందని నాలుగు, బల్లలు చెదలు తిన్నాయని మూడు, మిగిలినవన్నీ ఫ్యాను గురించి. వాటన్నింటిలోనూ తప్పు ఎవరో ఒకరిది, బాధ నాది. ఇది పద్దెనిమిదవది. ఇందులో తప్పు నాది, బాధ ఇంకొకరిది. ఉపాధ్యాయుడు తన మీద తానే ఫిర్యాదు చేసుకోవడానికి నమూనా పత్రం ఏదైనా ఉందా అని మా ప్రధానోపాధ్యాయుల వారిని అడిగాను. ఆయన నాకు జ్వరమేమోనని నుదురు తాకి చూశారు. కనుక తెల్ల కాగితం మీదే రాస్తున్నాను.

2. తమ లేఖలో "ఈ పాఠశాల విద్యార్థులకు ఆంగ్లము విని గ్రహించు శక్తి, తిరిగి పలుకు శక్తి శూన్యము" అని ఉన్నది. సదరు వాక్యం వాస్తవ విరుద్ధమని మనవి చేస్తున్నాను. పరీక్షకు వెళ్ళినవారు పద్నాలుగు మంది. గట్టెక్కినవారు ముగ్గురు. ఆ ముగ్గురూ నాలాగే స్పానిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలు. తప్పిన పదకొండు మంది ఇళ్ళలో, ఇంగ్లీషు మాట్లాడే దీవుల నుంచి ఇక్కడికి కూలికి వచ్చిన ముత్తాతల కాలం నుంచీ ఇంగ్లీషే మాట్లాడతారు. కోడిని అదిలించినా, దేవుణ్ణి పిలిచినా, పొరుగింటివాణ్ణి తిట్టినా అందులోనే. పుట్టి పెరిగిన భాషలో పరీక్ష పెడితే పిల్లలు తప్పారంటే, మధ్యలో ఎవరో ఏదో చేసి ఉండాలి. చేసింది నేను.

3. చేసిన విధానం. నేను ఇక్కడ చేరిన మొదటి వారంలోనే తరగతిలో ఒక నియమం పెట్టాను. పుస్తకంలోని ఇంగ్లీషు తప్ప ఇంటి ఇంగ్లీషు ఎవరి నోటి నుంచి వచ్చినా, నల్లబల్ల తుడిచే డస్టర్ వారి చేతికి ఇస్తాను. వారు దాన్ని పట్టుకుని నిలబడాలి. ఇంకొకరు ఇంటి ఇంగ్లీషు మాట్లాడగా విని పట్టిస్తే, అప్పుడు ఆ డస్టర్ వారికి అందించి కూర్చోవచ్చు. చివరి గంట కొట్టేటప్పటికి అది ఎవరి చేతిలో ఉంటే వారు మర్నాడంతా నిలబడాలి. దీనివల్ల పిల్లలు ఒకరి మాట ఒకరు శ్రద్ధగా వింటారని నేను అనుకున్నాను. విన్నారు. పట్టించడానికి విన్నారు. రెండు మూడు నెలల్లో అందరూ ఒకే ఉపాయం కనిపెట్టారు, అసలు నోరే తెరవకపోవడం. నా తరగతి అంత నిశ్శబ్దంగా ఇంకెక్కడా ఉండదని తమ తనిఖీ అధికారులు మూడుసార్లు మెచ్చుకుని రాశారు. ఆ మెప్పు పత్రాలను నేను చట్రం కట్టించి గోడకు పెట్టుకున్నాను. నిన్న దించేశాను.

4. పెట్టిన కారణం. "ఆ భాష వంకరది, విరిగిపోయినది, పిల్లల భవిష్యత్తుకు చేటు" అని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, బస్సులో పక్క సీటు ఆయనకు చెప్పాను. అసలు కారణం అది కాదు. మొదటి వారంలో రొవీనా గ్రాంట్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి లేచి నిలబడి, నవ్వు మొహంతో, నన్నేదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. విశ్వవిద్యాలయంలో నేను ఇంగ్లీషు చదివింది కాగితం మీద. అక్కడ మాకు వినడానికి పరీక్షే లేదు. "మళ్ళీ చెప్పమ్మా" అంటే ఐపోయేది. నలభై మంది పిల్లలు నా మొహం చూస్తున్నారు. నాకు చెమటలు పట్టాయి.

"తప్పు. కూర్చో" అన్నాను.

ఆ పిల్ల మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియనట్టు. తర్వాత కూర్చుంది. మర్నాడు నేను డస్టర్ నియమం ప్రకటించాను. వాళ్ళ మాట తప్పని కాదు, నాకు అందదని. అయ్యా, ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

5. యంత్రం గురించి. ఆరేళ్ళ క్రితం విద్యాశాఖ వారు శ్రవణ శిక్షణ కోసం ప్రతి పాఠశాలకూ ఒక శబ్ద యంత్రం, చెవులకు పెట్టుకునే ఇరవై జతల సాధనాలు, సంభాషణలు రికార్డు చేసిన డిస్కులు పంపించారు. సదరు యంత్రం "తేమ వల్ల చెడిపోయినది" అని వస్తువుల పట్టీలో రాసి సంతకం చేసినవాణ్ణి నేనే. అది చెడిపోలేదు. తరగతిలో పెట్టే ముందు నేనొక్కణ్ణే స్టాఫ్ రూములో తలుపు వేసుకుని విన్నాను. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు రైలు గురించి మాట్లాడుకుంటున్నాయి. నాలుగుసార్లు విన్నాను. "గుడ్ మార్నింగ్" ఒక్కటే పట్టుకోగలిగాను. దీన్ని తరగతిలో పెడితే పిల్లలందరికీ అర్థమవుతుంది, నాకు మాత్రం కాదు. బీరువాలో పెట్టి తాళం వేశాను. తమ కార్యాలయం నుంచి మరమ్మతుకు మనిషి వచ్చి "బీరువా తెరవండి మాస్టారూ, చూద్దాం" అన్నప్పుడు తాళంచెవి పోయిందన్నాను. తాళంచెవి నా జేబులో ఉంది. ఆయన పాపం రెండు బస్సులు మారి వచ్చాడు. యంత్రాన్ని మొన్న తీసి చూశాను, బ్రహ్మాండంగా పని చేస్తోంది.

6. మార్కుల గురించి. ప్రగతి పత్రంలో "వినుట"కు ఇరవై, "మాట్లాడుట"కు ఇరవై అని రెండు గళ్ళు ఉంటాయని తమకు తెలుసు. వినిపించకుండా, మాట్లాడించకుండా ఆ గళ్ళు ఎలా నింపారని తమరు అడగవచ్చు. వినుటకు చేతిరాత చూసి వేశాను. మాట్లాడుటకు, ఎవరు అల్లరి చేయకుండా ఉంటే వారికి ఎక్కువ వేశాను. పైన చెప్పిన రొవీనా కూతురు జనీల్ గ్రాంట్ ఇప్పుడు నా చివరి తరగతిలో ఉంది, పదిహేడేళ్ళు. ఐదేళ్ళ నుంచీ "మాట్లాడుట"లో ఆ పిల్లకు ఇరవైకి ఇరవై. ఐదేళ్ళలో ఆమె గొంతు ఎలా ఉంటుందో నేను వినలేదు. పత్రాలు జతపరిచాను. నా సంతకం స్పష్టంగానే ఉంది.

7. పరీక్ష రోజు. రాజధాని నుంచి వచ్చిన పరీక్షాధికారిణి మంచి మనిషి. పిల్లలకు మంచినీళ్ళు ఇచ్చి, వాళ్ళ పేర్లు అడిగి, నవ్వుతూ మొదలుపెట్టింది. పిల్లలకు ధైర్యంగా ఉంటుందని నేను గుమ్మంలో నిలబడ్డాను. అదే నేను చేసిన ఆఖరి నిర్వాకం. ఆమె ప్రశ్న వేస్తుంది. పిల్ల పెదవులు కదులుతాయి. అంతలో కళ్ళు నా వైపు తిరుగుతాయి. నేను కానీ కానీ అని తల ఊపుతాను. పిల్ల నోరు మూసుకుంటుంది. పదకొండు సార్లు ఇదే జరిగింది. జనీల్ చేతులు వెనక్కి పెట్టుకుని, నేలను చూస్తూ, ఎనిమిది నిమిషాలూ నిలబడింది. ఎవరో డస్టర్ ఇచ్చినట్టే నిలబడింది.

ఆఖరున పరీక్షాధికారిణి బయటికి వచ్చి, "మాస్టారూ, ఏమీ అనుకోకండి, ఈ పిల్లలకు అసలు ఇంగ్లీషు చెవిన పడుతుందా?" అని అడిగింది.

నేను ఏమన్నానో తమకు తెలియాలి. "ఏం చేస్తామండీ, ఇళ్ళల్లో ఇంగ్లీషు వాతావరణం లేదు" అన్నాను.

8. ఈ కళాశాలలో తీరప్రాంతానికి కేటాయించినవి పన్నెండు సీట్లు. అందులో చేరినవారికి ఓడల దగ్గర, హోటళ్ళలో పని దొరుకుతుంది. చేరనివారికి అరటి తోటల ప్యాకింగ్ షెడ్డు ఉంది. రొవీనా గ్రాంట్ నా తరగతి మానేసిన ఏడాది నుంచీ అక్కడే ఉంది. రోజంతా నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టి కాయలు కడుగుతుంది. ఆమె వేళ్ళు చూస్తే తమరు ఈ అంశాన్ని రెండోసారి చదవనక్కర్లేదు. జనీల్ పేరు కూడా డిసెంబరు నుంచి అక్కడి పట్టీలో రాయించారట. ఆ పేరు అక్కడ ఉండడమా, కొట్టేయడమా అన్నది ఇప్పుడు తమ చేతిలో ఉంది.

ఇక రాయబోయే దానికి అంకె వేయలేదు. దీన్ని ఏ అంశం కింద పెట్టాలో నాకు తెలియడం లేదు.

ఆరో తేదీ ఉదయం, తమ లేఖ పట్టుకుని జనీల్ అమ్మమ్మ మిస్ ఓర్లీన్ గ్రాంట్ (ఇక్కడ పెద్దావిడలను 'మిస్' అనే పిలుస్తారు) దగ్గరికి బయలుదేరాను. బస్సు ఆగే చోట ఆమెకు రేకుల షెడ్డులో చిన్న దుకాణం ఉంది. మాంసం కూరిన కారపు పాతీలు అక్కడే చేసి అమ్ముతుంది. నేను వెళ్ళింది క్షమాపణకు కాదు. "మీ మనవరాలికి శ్రద్ధ చాలదు, ఇంటి దగ్గర కొంచెం గట్టిగా చెప్పండి" అని మందలించడానికి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వాన పడుతోంది. దుకాణం ముందు విదేశీయుల బస్సొకటి ఇంజను చెడి ఆగిపోయింది. ఇరవై మందికి పైగా షెడ్డు కింద దూరారు. వాళ్ళ మధ్య ఒక పిల్ల గలగలా మాట్లాడుతోంది. ఒకరికి పాతీ అందిస్తూ ఇంకొకరికి జవాబు చెబుతోంది, మెకానిక్‌తో స్పానిష్‌లో దెబ్బలాడి వచ్చి ఆ సంగతి వాళ్ళకు ఇంగ్లీషులో చెబుతోంది, మధ్యలో వెనక్కి తిరిగి అమ్మమ్మతో ఇంటి మాటలో ఏదో అంటోంది. ముసలాళ్ళతో నెమ్మదిగా, కుర్రాళ్ళతో చకచకా. అందరూ నవ్వుతున్నారు. ఎంత చక్కటి గొంతు అనుకున్నాను. రెండు అడుగులు ముందుకు వేశాక చూస్తే అది జనీల్.

ఆ సందట్లో ఒక విదేశీ పెద్దావిడ నా వైపు తిరిగి ఏదో అడిగింది. నేను "యెస్" అన్నాను. ఆమె ఆగింది. నేను మళ్ళీ "యెస్, యెస్" అని నవ్వాను. ఆమె ఇంకాసేపు ఆగి, అసహనంగా కాళ్ళు మార్చుకుంది. అప్పుడు జనీల్ ఆమెకు జవాబు చెప్పబోతూ తలెత్తింది. నన్ను చూసింది.

అయ్యా, ఆ పిల్ల మాట సగంలో ఆగిపోయింది. వాక్యం పూర్తి చేయలేదు. చేతిలో పాతీ అలాగే ఉంది, నోరు మూతపడింది, కళ్ళు నేలకు దిగాయి. చేతులు వెనక్కి వెళ్ళాయి. ఇరవై మంది విదేశీయులు ఈ పిల్లకు ఏమయిందా అని చూశారు, తర్వాత ఆమె చూసిన వైపు చూశారు. నేను గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నా తల కొట్టేసినట్టయింది.

మిస్ ఓర్లీన్ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే నాతో మాట్లాడింది. మా స్పానిష్ ఆమెకు వచ్చు, ఆమె భాష నాకు రాదు.

"ఇదిగో మాస్టారూ, మీ పనితనం. కళ్ళారా చూసుకోండి."

"మిస్ ఓర్లీన్, నేను..."

"ఆ ఎర్రమొహం పెద్దాయన మిరపకాయ పచ్చడి ఇంకాస్త వెయ్యమంటే మా పిల్ల ఏమందో తెలిసిందా మీకు? 'తాతా, ఇది తింటే బస్సు కంటే ముందు నువ్వే బయల్దేరతావు' అంది. వాడు నవ్వలేక చచ్చాడు. మీకు తెలీలేదు కదూ?"

"లేదండీ."

"ఆ పెద్దావిడ మిమ్మల్ని ఏమడిగింది?"

నేను గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"మరుగుదొడ్డి ఎక్కడ బాబూ అని అడిగింది. మూడుసార్లు అవునవునన్నారు. పాపం, ముసల్ది ఉగ్గబట్టుకుని నిలబడింది." అప్పుడు వెనక్కి తిరిగింది. "నాకు తెలుసు మాస్టారూ. మీరొచ్చిన వారం నుంచే తెలుసు. మా రొవీనా ఇంటికొచ్చి 'అమ్మా, ఆయనకి అర్థం కాలేదే' అంది. నేనే దాన్ని కసిరాను, పంతులుగారి గురించి అలా అనకూడదని."

"ఆ రోజు ఆ పిల్ల నన్ను ఏమడిగిందండీ?"

"కొత్తగా వచ్చారు, ఒంటరి మగాడు, వండుకోడం వచ్చో రాదో, ఆదివారం మనింట్లో కొబ్బరిపాల అన్నం తింటారేమో అడిగి రా అని నేనే పంపాను. అదే అడిగింది."

నేను దానికి తప్పు, కూర్చో అన్నాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆదివారం నేను ఒంటరిగానే తింటున్నాను. ఇక్కడివాళ్ళకు కొండప్రాంతం వాళ్ళంటే గిట్టదని, అందుకే ఎవరూ పిలవరని మా చెల్లెలికి ఉత్తరాలు రాసేవాణ్ణి.

మిస్ ఓర్లీన్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒక పాతీ కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, "వానలో నిలబడకండి, జలుబు చేస్తుంది" అంది. జనీల్ అప్పటికి వెనక గదిలోకి వెళ్ళిపోయింది. నేను వచ్చిన పని చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ పాతీ తినడానికి మొహం చెల్లలేదు, పారేయడానికీ చేతులు రాలేదు.

పై పరిస్థితుల దృష్ట్యా నా కోరికలు ఇవి:

(అ) సదరు పదకొండు మందికి ఈ నెల 28 లోగా మరల పరీక్ష జరిపించాలి. పరీక్ష పాఠశాల భవనంలో వద్దు. ఆ గోడల మధ్య వాళ్ళ నోరు పెగలదు. మిస్ ఓర్లీన్ గారి దుకాణం ముందు బల్లల మీద జరపవచ్చు, మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగితే ఆమె అంగీకరించారు. వాళ్ళు విదేశీయులతో విదేశీయుల తీరున, ఇంట్లో ఇంటి తీరున మాట్లాడగలరు, రెంటినీ పరీక్షాధికారిణి స్వయంగా వినవచ్చు. పరీక్ష జరిగేంతసేపూ నన్ను ఆ స్థలానికి ఐదు వందల మీటర్ల దూరంలో ఉంచాలి. అవసరమైతే ఒక పోలీసు కానిస్టేబుల్‌ను కాపలా పెట్టించినా నాకు అభ్యంతరం లేదు.

(ఆ) వచ్చే సంవత్సరం నుంచి వినుట, మాట్లాడుట తరగతులు నా నుంచి తీసివేసి, వారానికి రెండు గంటలు మిస్ ఓర్లీన్ గ్రాంట్ గారికి ఇవ్వాలి. ఆమెకు ఏ ధ్రువపత్రమూ లేదు. నాకు నాలుగు ఉన్నాయి, తమరు ఫలితం చూశారు. ఆమె పెట్టిన షరతులు: పొద్దుటి పాతీలు అమ్ముడయ్యాకే వస్తుంది. తన కుర్చీ తనే తెచ్చుకుంటుంది. పిల్లలు ఏ మాటలో మాట్లాడినా మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు. నేను కూడా ఆ తరగతిలో విద్యార్థిగా కూర్చోవాలి. నాలుగో షరతు రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆ తర్వాత ఒప్పుకున్నాను.

(ఇ) తప్పుడు ధ్రువీకరణ, తప్పుడు మార్కులు, బీరువా తాళంచెవి విషయాల్లో నా మీద తీసుకోదగిన చర్య ఏదైనా తీసుకోవాలి. కానీ దయచేసి 28 తర్వాత తీసుకోండి. ముందే తీసుకుంటే ఈ కాగితాలన్నీ నా ఫైలులోకి వెళ్ళి కూర్చుంటాయి, పిల్లల సంగతి అందులో మునిగిపోతుంది. తమ కార్యాలయంలో ఫైళ్ళు ఎలా నడుస్తాయో పదిహేడు అర్జీల అనుభవంతో ఎరుగుదును.

నా మీద దయతో చదవమని అడిగే అర్హత నాకు లేదు. కోపంతోనైనా సరే, పరిహాసంగానైనా సరే, 28వ తేదీ దాటకుండా ఈ మనవిని చిత్తగించవలెనని మాత్రమే వేడుకుంటున్నాను.

తమ విధేయుడు, ఆ పదకొండు మందికి దోషి,
ఎలీసెర్ ఉమాన్యా సెలెదోన్
ఆంగ్ల ఉపాధ్యాయుడు

జతపరచినవి: ప్రగతి పత్రాలు (11 మందివి), బీరువా తాళంచెవి (1), అభ్యర్థుల సమ్మతి పత్రం.

తా.క. మరల పరీక్ష కోరితే అభ్యర్థుల సంతకాలు ఉండాలని మా ప్రధానోపాధ్యాయుల వారు అన్నారు కనుక, ఈ అర్జీ పూర్తి చేసి ఇవాళ పొద్దున ఇల్లిల్లూ తిరిగాను. పది మంది సంతకం పెట్టారు. ఏమీ మాట్లాడలేదు. నేనూ తల వంచుకుని కాగితం ముందుకు జరిపానే గాని ఏమీ అడగలేదు. ఆఖరున దుకాణానికి వెళ్ళాను. జనీల్ చేతుల పిండి తుడుచుకుని, అర్జీ అంతా మొదటి నుంచి చివరిదాకా నిలబడే చదివింది. వాళ్ళమ్మ పేరు వచ్చిన చోట కాసేపు ఆగింది. తర్వాత కలం నా వైపు తోసేసింది.

"అడగండి మాస్టారూ," అంది మిస్ ఓర్లీన్. "సంతకం కావాలంటే నోటితో అడగండి. మా మాటలో అడగండి."

"నాకు రాదని మీకు తెలుసు కదండీ."

"తెలుసు. అందుకే అడగమంటున్నా."

లిమోన్ పట్నం వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు, పాతీలకు వచ్చినవాళ్ళు, అందరూ ఉన్నారు. నేను అడిగాను. డ్రైవరు వినబడటం లేదని ఇంజను ఆపేశాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు, చొక్కా మొత్తం తడిసిపోయింది. చెప్పిన దానిలో ఎన్ని తప్పులున్నాయో లెక్క లేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడు జనీల్ మాట్లాడింది. నా కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది. చాలా మాట్లాడింది, చాలా వేగంగా, కోపంగా. నాకు అందలేదు. అలవాటుగా తల ఊపబోయి ఆపుకున్నాను. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమని అడిగాను. మళ్ళీ చెప్పింది. ఇంకా సగం పోయింది. మూడోసారి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. అప్పుడు తెలిసింది. తక్కిన పది మందినీ తనే వెంటబెట్టుకొస్తుందట. దుకాణం ముందు పరీక్ష సరేనట. ఒక్క వాక్యం మాత్రం ఒప్పుకోదట. నేను లేనప్పుడు ఎవరితోనైనా మాట్లాడగలదని తనకు ఎప్పుడో తెలుసునట.

ఇది చెప్పాకే సంతకం పెట్టింది. పదకొండు సంతకాలూ పూర్తయ్యాయి. కావున కోరిక (అ)లో నన్ను ఐదు వందల మీటర్ల దూరంలో ఉంచమన్న వాక్యాన్నీ, కానిస్టేబుల్ సంగతినీ కొట్టివేసి, ఆ స్థానంలో ఇలా చదువుకోవలసిందిగా మనవి: సదరు ఉపాధ్యాయుడు పరీక్ష జరిగినంతసేపూ అభ్యర్థిని జనీల్ గ్రాంట్ ఎదుటనే కూర్చుని ఉండవలెను.

తాను మాట్లాడుతుందట. నేను వినాలట.